పిస్టల్ షూటింగ్‌లో ఆనందం దొరకాలంటే పిడి, ట్రిగ్గర్ ఎలా కుదుర్చుకోవాలి?

గురి కుదరకపోతే చాలామంది ముందు ట్రిగ్గర్‌నే తప్పుపడతారు. "గట్టిగా ఉంది, తేలిక చేయించాలి" అంటారు. మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను. నిజానికి పిడి చేతిలో సరిగా కూర్చోకపోతే ఎంత మంచి ట్రిగ్గర్ ఉన్నా ఆటలో హాయి ఉండదు. కాబట్టి ముందు పిడి సంగతే చూడండి.

1. పిస్టల్ ఖాళీ చేయండి. మ్యాగజైన్ (తూటాలు పెట్టే డబ్బా) తీసి, స్లయిడ్ (పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం) వెనక్కి లాగి, ఛాంబర్‌ను (పేలబోయే తూటా కూర్చునే చోటు) కంటితో చూసి వేలితో కూడా తడమండి. తూటాలు అసలు మీరు సాధన చేసే గదిలోనే ఉండకూడదు. గొట్టం ఎప్పుడూ సురక్షితమైన వైపే ఉండాలి.

2. పిడి పట్టుకోండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండే వంపు పిడి వెనకవైపు వీలైనంత పైకి ఆనాలి, స్లయిడ్ దారికి మాత్రం అడ్డు రాకూడదు. తూటా పేలినప్పుడు పిస్టల్ తన్నే దెబ్బ గొట్టం గీత వెంటే వెనక్కి వస్తుంది. చెయ్యి ఆ గీతకు ఎంత కిందికి ఉంటే పిస్టల్ ముక్కు అంత పైకి లేస్తుంది.

ఇప్పుడు కళ్లు మూసుకుని, పిస్టల్‌ను గోడ మీద గుర్తు వైపు చాచి, కళ్లు తెరవండి. ముందు సైటు (గొట్టం చివర గురి చూసుకునే మొన) వెనక సైటు గాడి మధ్యలో నిలిస్తే పట్టు కుదిరినట్టే. పక్కకి పోతే మణికట్టు వంచి సర్దుకోవద్దు, వదిలేసి మళ్లీ మొదటినుంచి పట్టుకోండి. ఎన్నిసార్లు పట్టినా అదే తేడా వస్తుంటే పిడి సైజు మీకు సరిపోలేదన్నమాట. కొన్ని పిస్టళ్లకు పిడి వెనక ముక్క మార్చుకోవచ్చు. పోటీ పిస్టళ్ల చెక్క పిడిని అరగదీసి, పుట్టీ పెట్టి అరచేతికి అచ్చు గుద్దినట్టు చేసుకుంటారు. ఆ తేడా ఒకసారి అనుభవిస్తే ఇక వదలబుద్ధి కాదు!

చెయ్యి వణికేదాకా బిగించి, వణుకు ఆగేంత వరకు కొద్దిగా వదలండి. మీ పట్టు అంతే ఉండాలి.

3. ట్రిగ్గర్‌ను వేలితో చదవండి. తూటా లేకుండా నొక్కి చూడటాన్ని డ్రై ఫైర్ అంటారు. .22 రిమ్‌ఫైర్ పిస్టల్ (తూటా అడుగు అంచున కొట్టి పేల్చే చిన్న రకం) అయితే డమ్మీ తూటా (మందు లేని ఉత్తుత్తి తూటా) పెట్టండి, లేకపోతే తూటాను కొట్టే పిన్ను ఛాంబర్ అంచుకు తగిలి దెబ్బతినవచ్చు. చూపుడువేలి చివరి కణుపు మెత్తటి భాగాన్ని ఆనించి నెమ్మదిగా నొక్కండి. ముందు కొంత దూరం వదులుగా కదులుతుంది. తర్వాత గోడకు తగిలినట్టు ఆగుతుంది. ఇంకాస్త ఒత్తిడి పెంచితే పుల్ల విరిగినట్టు టప్పున తెగుతుంది. ప్రతిసారీ ఒకే చోట తెగితే అది మంచి ట్రిగ్గర్. గరగరమంటూ జారుతూ పోయేదైతే విసుగు తెప్పిస్తుంది.

ట్రిగ్గర్ బరువుకన్నా, అంటే నొక్కడానికి పట్టే బలంకన్నా, ఈ తీరే ముఖ్యమని నా నమ్మకం. పోటీ నిబంధనల్లో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌కు ట్రిగ్గర్ బరువు కనీసం 500 గ్రాములు, 25 మీటర్ల పిస్టల్‌కు 1000 గ్రాములు ఉండాలి. రెండింటితోనూ గొప్ప స్కోర్లు వస్తున్నాయి కదా. లోపలి భాగాలను మాత్రం మీరే ఆకురాయితో రుద్దవద్దు, పిస్టల్ దానంతటదే పేలే ప్రమాదం ఉంది. తెలిసిన మెకానిక్‌కే ఇవ్వండి.

4. రేంజ్‌లో పరీక్షించండి. కళ్లద్దాలు, చెవులకు రక్షణ తప్పనిసరి. మ్యాగజైన్‌లో తూటాల మధ్య ఒక డమ్మీని ఎక్కడుందో తెలియకుండా వేరేవాళ్లతో పెట్టించండి. డమ్మీ వచ్చినప్పుడు పిస్టల్ ముక్కు కిందికి వాలిందంటే ట్రిగ్గర్ తప్పేమీ లేదు, చప్పుడుకు మీ చెయ్యే ముందుగా ఉలిక్కిపడుతోంది. ఆ రోజుకి తూటాలు పక్కన పెట్టి మళ్లీ డ్రై ఫైర్‌కి వెళ్లండి.