గ్లాస్ కాక్‌పిట్ పాఠాలు – 6: మెమరీ కార్డు మొరాయిస్తే

పోయిన పాఠంలో గార్మిన్ జీ1000 అనే కాక్‌పిట్ వ్యవస్థలోని రెండు తెరల్నీ, అంటే వేగం, ఎత్తు, హారిజన్ చూపే పీఎఫ్‌డీనీ, మ్యాపు చూపే ఎంఎఫ్‌డీనీ వెలిగించి, ఏ నాబ్ తిప్పితే ఏం కదులుతుందో చూశాం. ఈసారి ఆ తెరల కుడి అంచున ఒకదాని కింద ఒకటిగా ఉండే రెండు సన్నటి స్లాట్ల సంగతి. సెస్నా 172లో గానీ డైమండ్ డీఏ40లో గానీ శిక్షణ తీసుకునేవాళ్లు వీటిని రోజూ చూస్తుంటారు. ఏదైనా మెసేజ్ వచ్చేదాకా వాటి గురించి ఎవరూ పెద్దగా ఆలోచించరు.

ముందు ఏ స్లాట్ ఎందుకో తెలియాలి. కింది స్లాట్‌లోని కార్డు ఎప్పుడూ అక్కడే ఉండాలి. కొండలు, టవర్లు, విమానాశ్రయాల ట్యాక్సీ మ్యాపులు, చార్టులు అందులోంచే వస్తాయి. పై స్లాట్‌కు పని పడేది రెండు సందర్భాల్లో: కొత్త నావిగేషన్ డేటాబేస్ (దారి చూపే సమాచారం) ఎక్కించేటప్పుడు, లేదా ఎంఎఫ్‌డీ పై స్లాట్‌లో ఖాళీ కార్డు పెట్టి ఫ్లైట్ డేటా రికార్డు చేసుకునేటప్పుడు. నావిగేషన్ డేటాబేస్ ఒకసారి ఎక్కాక తెర లోపలి మెమరీలోనే ఉంటుంది. అది ఎక్కించిన కార్డు తీసేసినా ఇబ్బంది లేదు.

కార్డులన్నీ పాడైపోయినా వేగం, ఎత్తు, హారిజన్, ఇంజిన్ గేజ్‌లు మామూలుగానే పనిచేస్తాయి. అవి సెన్సర్ల నుంచి నేరుగా వస్తాయి, కార్డుతో వాటికి సంబంధం లేదు. పోయేది మ్యాపు మీద కొండల రంగులు, చార్టులు, టాస్ (నేల, కొండలు దగ్గరపడితే హెచ్చరించే వ్యవస్థ) ఉన్న విమానాల్లో ఆ హెచ్చరికలు. అందుకే గాల్లో ఉండగా కార్డు మెసేజ్ వస్తే టెన్షన్ పడి స్లాట్ మీద వేలు పెట్టొద్దు. విమానం నడపండి, దిగాక చూద్దాం. కొండలున్న దారిలో వెళ్తుంటే మాత్రం కాగితపు చార్టు ఒళ్లోకి తీసుకోండి.

ఇక మెసేజ్‌లు. పీఎఫ్‌డీ కింద కుడి మూల సాఫ్ట్‌కీ (తెర అడుగున ఉండే మీట) మీద 'అడ్వైజరీ' అని మెరుస్తుంటే దాన్ని నొక్కండి, చిన్న కిటికీ తెరుచుకుంటుంది. అందులో ముందు చదవాల్సింది తెర పేరు, ఆ తర్వాత కార్డు నంబరు. 'ఎంఎఫ్‌డీ1 కార్డ్ 2 రెమ్' అంటే ఎంఎఫ్‌డీలో రెండో కార్డు బయటికి వచ్చిందని తెర అనుకుంటోంది. నిజంగా ఊడిపోయి ఉండాలని లేదు. తెర తుడిచేటప్పుడు గుడ్డ తగిలి కార్డు ఒక్క నొక్కు లోపలికి వెళ్లి, స్ప్రింగ్ వదిలేసి, ఒకటి రెండు మిల్లీమీటర్లు బయటికి జరిగి ఉంటుంది. సరిగా కూర్చున్న కార్డు అంచు తెర చట్రంతో సమానంగా ఉంటుంది. వేలితో తడిమితే గట్టులా తగలకూడదు. తగిలిందంటే బ్యాటరీ మాస్టర్, ఏవియానిక్స్ స్విచ్‌లు ఆఫ్ చేసి, టిక్కుమని పట్టేదాకా నెట్టండి. మెసేజ్ 'మళ్లీ పెట్టండి' అంటుంది గానీ, పవర్ ఆన్‌లో ఉండగా పెట్టమని దానర్థం కాదు.

'కార్డ్ ఎర్ర్' వేరు. కార్డు ఉన్నట్టు తెలుస్తోంది కానీ లోపలున్నది తనకు పనికిరానిదని తెర అంటోంది. కార్డు పాడై ఉండొచ్చు, ఫార్మాట్ తప్పు కావచ్చు, కార్డు రకమే తప్పు కావచ్చు. 'డీబీ ఎర్ర్' వస్తే తెర లోపల ఉన్న నావిగేషన్ డేటాబేస్‌నే అనుమానించాలి. అప్పుడు కింది కార్డు ఎన్నిసార్లు తీసి పెట్టినా లాభం లేదు.

కార్డా, స్లాటా అని తేల్చడానికి ఒక్క పరీక్ష చాలు. నేల మీద, పవర్ ఆఫ్‌లో, ఇంజనీరు పక్కన ఉండగా, అదే విమానంలోని రెండు తెరల కింది కార్డుల్ని అటూ ఇటూ మార్చండి. పవర్ ఇచ్చాక మెసేజ్ ఏ తెర పేరుతో వచ్చిందో చూడండి. తెర పేరు మారితే తప్పు కార్డు వెంట వెళ్లింది, కాబట్టి కార్డు పోయింది. మొదటి తెర పేరే ఉంటే స్లాట్ సంగతి చూడాలి, అది ఏఎంఈ (విమాన నిర్వహణ ఇంజనీరు) పని. పరీక్ష అయ్యాక ఏ కార్డు ఎక్కడిదో అక్కడే పెట్టేయండి, చార్టుల కార్డు ఎంఎఫ్‌డీకే చెందుతుంది. ఈ పరీక్ష చేస్తున్నప్పుడు ఇంకేదీ మార్చొద్దు. కార్డులు మార్చి, దాంతోపాటు డేటాబేస్ కూడా ఎక్కించేస్తే మెసేజ్ పోయినా ఎందుకు పోయిందో చెప్పలేరు, వారం తిరక్కుండా మళ్లీ వస్తుంది.

పక్క విమానంలోంచి కార్డు అరువు తెచ్చి చూద్దామనే ఆలోచన ఎవరికైనా వస్తుంది, కానీ ఆ దారిన పోవద్దు. కార్డులోని డేటాబేస్‌లు ఆ విమానపు సిస్టమ్ ఐడీతో ముడిపడి ఉంటాయి. ఆ ఐడీ ఎక్కడ ఉంటుందంటారా? ఎంఎఫ్‌డీలోని ఆక్స్ (అదనపు) పేజీల్లో సిస్టమ్ స్టేటస్ తెరవండి, ఎయిర్‌ఫ్రేమ్ అన్న డబ్బాలో కనబడుతుంది. అదే పేజీలో డేటాబేస్‌ల పేర్లు, అవి ఎప్పటి నుంచి ఎప్పటిదాకా చెల్లుతాయో కూడా ఉంటాయి.

నావిగేషన్ డేటా 28 రోజులకోసారి మారుతుంది. ప్రపంచమంతా ఒకే రోజు, ఎప్పుడూ గురువారమే. 2026లో మొదటిది జనవరి 22. పాత సాఫ్ట్‌వేర్ ఉన్న జీ1000లో ఒకే కార్డును ముందు పీఎఫ్‌డీ పై స్లాట్‌లో పెట్టి పవర్ ఇస్తే, ఎడమ పై మూలన 'ఎక్కించనా?' అని అడుగుతుంది. ఎంటర్ నొక్కి, పూర్తయ్యేదాకా ఆగాలి. తర్వాత ఆఫ్ చేసి, కార్డు తీసి, ఎంఎఫ్‌డీలో అదే పని మళ్లీ చేయాలి. ఈ రెండో సగం మరిచిపోవడం చాలా మామూలు. అప్పుడు 'డీబీ మిస్‌మ్యాచ్' వస్తుంది, ఎక్స్‌టాక్ ఆగిపోయిందని కూడా చెబుతుంది. అంటే తెరలు రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం మానేశాయి. ఎంఎఫ్‌డీలో కొట్టిన ఫ్లైట్ ప్లాన్ పీఎఫ్‌డీలో కనబడదు. బేగంపేట నుంచి విజయవాడకు వీఓహెచ్‌వై, వీఓబీజెడ్ అని కొట్టి, రెండో తెరలో ఏమీ లేకపోయేసరికి కార్డే పోయిందనుకుంటారు. కార్డుకు ఏ జబ్బూ లేదు. మిగిలిన తెరను కూడా అప్‌డేట్ చేస్తే చాలు.

అప్‌డేట్ మధ్యలో పవర్ పోతే డేటాబేస్ సగంలో ఆగుతుంది. నీరసించిన బ్యాటరీ మీద ఈ పని పెట్టుకోకండి, గ్రౌండ్ పవర్ తగిలించమని అడగండి.

ఇప్పుడు మీ సొంత కార్డు, అంటే డేటా రికార్డు కోసం పెట్టుకునేది. కెమెరా షాపులో 64 జీబీ కార్డు కొని తెస్తారు. అది ఎస్‌డీఎక్స్‌సీ రకం, ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో వస్తుంది, ఈ తెరలకు అది పనికిరాదు. ఫ్యాట్32లో ఫార్మాట్ చేసిన చిన్న కార్డు తీసుకోండి. సాఫ్ట్‌వేర్ మరీ పాతదైతే ఎస్‌డీహెచ్‌సీ (2 జీబీ కన్నా పెద్దవి, 32 జీబీ దాకా ఉండే కార్డులు) కూడా కొరుకుడు పడదు, 2 జీబీ మామూలు ఎస్‌డీయే దిక్కు. ఆ కార్డు ఇప్పుడు దొరకడమే ఒక వెతుకులాట. కార్డు పక్కనున్న చిన్న తాళపు గొళ్లెం కిందికి జారి ఉంటే రాయడం కుదరదు, కాబట్టి పెట్టేముందు గోరుతో పైకి జరపండి. మ్యాక్ కంప్యూటర్‌లో ఫైళ్లు డిలీట్ చేసేవాళ్లకు ఇంకో మాట: ట్రాష్ ఖాళీ చేసేదాకా అవి కార్డులోనే దాక్కుని చోటు తింటాయి.

అన్నీ కుదిరితే కార్డులో 'డేటా లాగ్' అనే ఫోల్డర్ తయారవుతుంది. ప్రతి ఫ్లైట్‌కు ఒక సీఎస్‌వీ ఫైలు ఉంటుంది, పేరులోనే తేదీ, సమయం, విమానాశ్రయం కోడ్ కనబడతాయి. ఎక్సెల్‌లో తెరిస్తే సెకనుకో వరస: వేగం, ఎత్తు, ఆయిల్ ఉష్ణోగ్రత, ఒక్కో సిలిండర్ వేడి. మొదటి వరసలోనే సిస్టమ్ ఐడీ ఉంటుంది కాబట్టి లాగ్ ఏ విమానానిదో తెలిసిపోతుంది. ఈ లాగ్‌లో లోకల్ టైమ్ తేడాగా ఉందని ఎవరైనా అంటే కార్డును తప్పుపట్టే ముందు యూటీసీ ఆఫ్‌సెట్ (ప్రపంచ ప్రామాణిక సమయంతో తేడా) ఉన్న నిలువు వరస చూడండి. అక్కడ సున్నా ఉంటే, లాగ్‌లో 07:00 అన్నది మన గడియారంలో మధ్యాహ్నం పన్నెండున్నర. ఇది సెటప్ తప్పు.

సెటప్‌కు వచ్చాం కాబట్టి ఆ పేజీ కూడా చూసేద్దాం. ఆక్స్‌లో సిస్టమ్ సెటప్. ముందు ఎగిరినవాళ్లు వదిలేసిన సెట్టింగులు మీకు తగలడం ఇక్కడే. టైమ్ ఆఫ్‌సెట్ +05:30 ఉందా? రేడియో ఛానెల్ అంతరం 25 కిలోహెర్ట్జ్‌లో ఉందా? 8.33లో ఉంటే నాబ్ తిప్పి తిప్పి వేళ్లు నొప్పి పుడతాయి. నావ్ యాంగిల్ (దిశల కొలత) మాగ్నెటిక్‌లో, అంటే దిక్సూచి ఉత్తరం నుంచి ఉందా, ట్రూలో, అంటే అసలు ఉత్తరం నుంచి ఉందా? ఇది మన దగ్గర బయటపడని తప్పు. హైదరాబాద్ చుట్టుపక్కల మాగ్నెటిక్ వేరియేషన్ (ఆ రెండు ఉత్తరాల మధ్య తేడా) చాలా స్వల్పం, ట్రూలో పెట్టి నెల తిరిగినా ఎవరూ గమనించరు. ఇదే అలవాటుతో అమెరికా వెళ్లి సియాటిల్ దగ్గర ఎగిరితే తేడా 15 డిగ్రీల దగ్గర్లో ఉంటుంది.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది బారో యూనిట్, అంటే ఎత్తు చూపే ఆల్టిమీటర్‌లో పెట్టే గాలి పీడనపు కొలమానం. ఇది సెటప్ పేజీలో కాదు, పీఎఫ్‌డీ సాఫ్ట్‌కీల్లో ఆల్ట్ యూనిట్ కింద ఉంటుంది. మన కంట్రోలర్ చెప్పేది హెక్టోపాస్కల్స్‌లో. తెర అంగుళాల్లో ఉందనుకోండి. '1008' అని వినగానే మనసులో 29.77గా మార్చుకుని, కంగారులో 29.07 పెడితే ఆల్టిమీటర్ దాదాపు 700 అడుగులు తప్పు చూపిస్తుంది. ఒక్క సాఫ్ట్‌కీ నొక్కి హెచ్‌పీఏకి మార్చుకుంటే లెక్కే అక్కర్లేదు.

కాన్ఫిగరేషన్ మోడ్ గురించి కొందరు ఉత్తరాల్లో అడిగారు. పవర్ ఇచ్చేటప్పుడు కీలు పట్టుకుని లోపలికి వెళ్లే దారి అది, ఏఎంఈల కోసమే. 'కాన్ఫిగ్' అనో 'మానిఫెస్ట్' అనో మెసేజ్ వస్తే మీ పని టెక్ లాగ్‌లో (విమానం లోపాలు రాసే పుస్తకంలో) ఉన్నది ఉన్నట్టు రాసి విమానాన్ని అప్పగించడం.

సాధన: ఈ వారం ఎగిరే ముందు, పవర్ ఇవ్వకుండానే నాలుగు స్లాట్లూ వేలితో తడిమి చూడండి. పవర్ ఇచ్చాక ఎంఎఫ్‌డీ మొదటి పేజీలో డేటాబేస్ తేదీలు గబగబా దాటేయకుండా నోట్‌బుక్‌లో రాసుకోండి, తర్వాత సిస్టమ్ స్టేటస్‌తో పోల్చండి. మీ లాగ్ ఫైలు ఒకటి తెరిచి, టేకాఫ్ ఏ వరసలో మొదలైందో ఆర్‌పీఎం చూసి కనిపెట్టండి. ఆ వరస దగ్గర పెట్టుకోండి, ఏడో పాఠంలో అక్కడి నుంచే సిలిండర్ ఉష్ణోగ్రతలు చదవడం మొదలుపెడతాం.