అమ్మ ఫోన్‌లో బ్యాంకు యాప్ పెట్టడం ఎలా?

ఒడిశాలోని పర్లాకిమిడిలోనో గుణుపూర్‌లోనో ఉండే పెద్దవాళ్లు బ్యాంకు యాప్ పెట్టివ్వమంటే పిల్లలు చేసే పని ఒకటే. బ్యాంకులో ఇచ్చిన నంబరు సిమ్‌ని తమ ఫోన్‌లో వేసుకుని విశాఖపట్నం బస్సెక్కేయడం. ఆ తర్వాత గ్యాస్ బండకి డబ్బు కట్టాలన్నా అమ్మ ఫోన్ చేసి "ఓటీపీ వచ్చిందేటిరా?" అని అడగాలి. కొడుకు మీటింగులో ఉంటాడు, ఈలోగా ఓటీపీ గడువు అయిపోతుంది. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకువాళ్లు చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతుంటే, మనం ఇంట్లోనే రోజూ ఫోన్‌లో ఓటీపీ చెప్పుకునే అలవాటు చేస్తున్నాం. రేపు బ్యాంకు పేరు చెప్పి ఇంకెవడైనా అడిగినా అమ్మ అంతే మామూలుగా చెప్పేస్తుంది.

మామూలు ఖాతాదారుడికి మన బ్యాంకులు సెక్యూరిటీ కోసం వేరే మిషనేదీ ఇవ్వవు. ఆ సిమ్మూ, అది ఉన్న ఫోనే ఆ పరికరం. ఖాతా ఎవరిదైతే అది వాళ్ల చేతిలోనే ఉండాలి. ఇందులో బేరం లేదు.

కావలసినవి

సెక్యూరిటీ అప్‌డేట్లు ఇంకా వస్తున్న స్మార్ట్‌ఫోన్, పాస్‌బుక్, డెబిట్ కార్డు. కార్డు లేకపోతే ఆధార్ ఓటీపీతో యూపీఐ పిన్ పెట్టుకోవచ్చు, కానీ ఆధార్‌లోనూ బ్యాంకులోనూ ఒకే నంబరు ఉండాలి. చాలా ఇళ్లలో బ్యాంకులో ఉన్నది నాన్నగారి పాత నంబరే. ముందు బ్రాంచికి వెళ్లి అది మార్పించండి. సిమ్ పాడై కొత్తది తీసుకుంటే 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు రావు, పోవు. సిమ్ మార్చి డబ్బు కొట్టేసేవాళ్లను ఆపడానికి టెలికాం శాఖ 2022లో పెట్టిన నిబంధన అది. ఆ రోజు యాప్ జోలికి పోకండి.

యాప్‌ని ప్లేస్టోర్ నుంచే దింపండి. వాట్సాప్‌లో ఎవరో పంపిన ఫైలు వద్దు.

సిమ్ వెరిఫికేషన్

నూటికి తొంభై మంది బోల్తా కొట్టేది ఇక్కడే. యాప్ తెరవగానే "మీ నంబరు సరిచూస్తున్నాం" అని ఒక చక్రం తిరుగుతుంది. బ్యాంకు నుంచి మెసేజ్ వస్తుందనుకుని అందరూ ఇన్‌బాక్స్ చూస్తూ కూర్చుంటారు. జరిగేది దానికి తలకిందులు. మీ ఫోనే బ్యాంకుకి ఒక మెసేజ్ పంపుతుంది. అది ఏ నంబరు నుంచి వచ్చిందో చూసి బ్యాంకు ఆ ఫోన్‌ని ఖాతాకి ముడివేస్తుంది. అంటే చూసుకోవలసింది మెసేజ్ వస్తుందా అని కాదు, పోతుందా అని.

పోవాలంటే ఎస్సెమ్మెస్ ఉన్న ప్యాక్ కావాలి. ఒట్టి డేటా ప్యాక్ వేసుకుని యాప్‌ని తిడితే లాభం లేదు. యాప్ ఎస్సెమ్మెస్ అనుమతి అడిగితే ఇవ్వండి.

రెండో గొడవ రెండు సిమ్‌లది. మన వైపు చాలామంది ఫోన్లలో ఒకటి ఒడిశా సిమ్, ఇంకొకటి పాతపట్నంలో కొన్న ఆంధ్రా సిమ్. యాప్‌లో సరైన సిమ్ ఎంచుకుంటే చాలంటారు. నేను ఒప్పుకోను. రెండోది పూర్తిగా బయటికి తీసేయండి. బ్యాంకు సిమ్‌ని ఒకటో స్లాట్‌లో పెట్టండి, తర్వాత కదపకండి. వైఫై ఆపి మొబైల్ డేటా పెట్టండి. బ్యాంకు సిమ్ ఆంధ్రాదై, సిగ్నల్ పక్కన ఆర్ అక్షరం కనిపిస్తుంటే డేటా రోమింగ్ కూడా ఆన్ చేయాలి. ఇంట్లో సిగ్నల్ ఊగిసలాడుతుంటే డాబా మీదికి వెళ్లండి. చక్రం తిరుగుతున్నంతసేపూ వేరే యాప్‌లోకి వెళ్లకండి, స్క్రీన్ ఆరిపోనివ్వకండి. ఫెయిలయితే కారణం వెతకండి. ఊరికే మళ్లీ మళ్లీ నొక్కితే కొన్ని యాప్‌లు ఆ రోజుకి లాక్ అయిపోతాయి.

ఈ మెసేజ్ గురించి అమ్మకి తప్పకుండా చెప్పవలసిన మాట ఇంకోటుంది. ఎవరైనా ఫోన్ చేసి, అర్థంపర్థం లేని పొడుగాటి అక్షరాల మెసేజ్ పంపి, "దీన్ని ఫలానా నంబరుకి ఫార్వర్డ్ చేయండి, కేవైసీ అయిపోతుంది" అంటే అది ఇదే మెసేజ్. పంపితే అమ్మ నంబరు వాడి ఫోన్‌కి ముడిపడుతుంది. ఆ తర్వాత మాటల్లో పెట్టి కార్డు అంకెలూ ఓటీపీ లాగేస్తే ఖాతా ఖాళీ.

పిన్

వేలిముద్ర పెట్టేస్తే సులువని షాపులో చెబుతారు. జీడిపిక్కలు ఒలిచిన చేతులు ఒకసారి దగ్గరగా చూడండి. పెంకులోని జిగురు తగిలి తగిలి వేలికొసలు నల్లబడి, నున్నగా అరిగిపోయి ఉంటాయి. వాటిని ఫోన్ ఒక రోజు గుర్తుపడుతుంది, మర్నాడు పట్టదు. ఆరంకెల పిన్నే పెట్టండి, పుట్టిన తేదీ కాకుండా. యాప్ కొత్తగా పెట్టాక మొదటి 24 గంటలు యూపీఐలో 5,000 రూపాయలకు మించి పోదు. యాప్ పాడైందని టెన్షన్ పడకండి.

చూపు తగ్గినవాళ్లకి అక్షరాల సైజు పెంచండి. అసలు కనిపించనివాళ్లకి, తెర మీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఆన్ చేసి, పిన్ అంకెలు ఉన్న తెరని అది చదువుతోందో లేదో ముందే చూడండి. కొన్ని యాప్‌లు అంకెల చోట్లు తారుమారు చేసి, పైకి చదవవు కూడా. అలాంటి యాప్ వదిలేసి వేరేది పెట్టండి, బ్యాంకుకి ఫిర్యాదు రాయండి. డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఫిర్యాదులో ఆ మాట రాయండి.

ఇక ఊళ్లో వేలిముద్ర మిషన్ మీద డబ్బు తీసుకునేవాళ్లయితే, ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ వేసి, డబ్బు కావలసినప్పుడే ఆ లాక్ తీయండి.

యాప్ పనిచేయని రోజు

నెట్ లేకపోతే బ్యాంకు సిమ్ నుంచి *99# కొట్టి, వచ్చే మెనూలోంచి డబ్బు పంపండి. తెలుగు ఎంచుకోవచ్చు. డబ్బు పోయిందనిపిస్తే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి, తర్వాత బ్యాంకుకి ఫోన్ చేయాలి. ఆ రెండు నంబర్లూ సేవ్ చేయండి. తప్పు మీదీ బ్యాంకుదీ కానప్పుడు, బ్యాంకు మెసేజ్ వచ్చాక మూడు పనిదినాల్లోపు చెబితే నష్టం మీ మీద పడదని రిజర్వు బ్యాంకు 2017లోనే చెప్పింది. ఓటీపీ మీరే చెప్పి ఉంటే మాత్రం, ఆ నిబంధన ప్రకారం ఫిర్యాదు చేసేదాకా పోయిందంతా మీదే.

చివరగా అమ్మ చేత మీకు ఒక రూపాయి పంపించండి. మీరు ఫోన్ ముట్టుకోకూడదు, "అక్కడ నొక్కు" అని వేలు చూపించకూడదు. తిరిగి మీరొక రూపాయి పంపి, డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదని ఆవిడే చూసుకునేలా చేయండి. అప్పుడు రెండో సిమ్ వేసి, యాప్ మళ్లీ తెరుచుకుంటోందో లేదో చూసి బస్సెక్కండి.