పరాయి గడ్డపై కుటుంబ ప్రార్థన: బ్రిటన్‌లోని తెలుగు క్రైస్తవ తల్లిదండ్రులకు

గుంటూరు నుంచో ఖమ్మం నుంచో ఉద్యోగరీత్యా బ్రిటన్‌కు వచ్చిన క్రైస్తవ కుటుంబానికి ఇక్కడి పరిస్థితి మొదట్లో అంతుపట్టదు. పార్లమెంటు ఎగువ సభలో 26 మంది బిషప్పులకు స్థానాలున్నాయి. 2023 మే నెలలో రాజు పట్టాభిషేకం జరిగినప్పుడు, హిందువైన ప్రధాని రిషి సునాక్ కొలొస్సయులకు వ్రాసిన పత్రిక నుంచి వాక్యభాగం చదివారు. అయినా 2011లో ఇంగ్లండ్, వేల్స్ జనాభాలో 59.3 శాతంగా ఉన్న క్రైస్తవులు 2021 లెక్కలకు 46.2 శాతానికి తగ్గారు. తమకు ఏ మతమూ లేదని చెప్పినవారు 37.2 శాతం. రాజ్య లాంఛనాల్లో బైబిలుకు పెద్దపీట ఉంది కాని పక్కింటివారి సంభాషణలో దానికి చోటు లేదు. మన ఊళ్లో తెల్లవారుజామున మైకులో వినిపించే కీర్తన, ఇంటికొచ్చి ప్రార్థన చేసి వెళ్లే పాస్టరు గారు, ఆదివారం గుడికి రాకపోతే ఆరా తీసే మేనత్త విశ్వాసంలో సగం భారం మోసేవారు. ఇక్కడ ఆ భారమంతా ఇంటి మీదే పడుతుంది.

కాబట్టి ముందుగా పరిస్థితిని ఉన్నదున్నట్టు గుర్తించాలి. ఇక్కడ మనకు ఎదురయ్యేది చాలావరకు ఉదాసీనతే. దాన్ని హింస అనుకుంటే పిల్లలకు భయమో కోపమో తప్ప మరేదీ అబ్బదు. బబులోనుకు చెరపట్టబడినవారికి ప్రవక్త రాసిన ఉత్తరం, అంటే యిర్మీయా 29వ అధ్యాయం, కుటుంబమంతా కలిసి మొదట చదవదగిన భాగం. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, మీరున్న పట్టణ క్షేమం కోసం ప్రార్థించండి అని దేవుడు ఆ పరాయి దేశంలో ఉన్నవారికే చెప్పాడు.

ఇక పఠనం విషయం. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో తీసుకున్న వాగ్దాన వచనాన్ని గోడకు అంటించుకుని ఏడాదంతా దానితోనే సరిపెట్టుకోవడం మనలో చాలామందికి అలవాటు. ఆ వచనం ఎవరితో, ఏ సందర్భంలో చెప్పిన మాటో తెలియని పిల్లవాడు, తరగతిలో స్నేహితుడు ఒక్క ప్రశ్న వేయగానే తడబడతాడు. అందువల్ల ఒక గ్రంథాన్ని మొదటి నుంచి చివరి వరకు చదవడం మేలు. మార్కు సువార్తతో మొదలుపెట్టండి. పదహారే అధ్యాయాలు, కథ వేగంగా నడుస్తుంది. రాత్రి భోజనాలయ్యాక పావుగంట చాలు. పెద్దలు తెలుగులో చదివిన భాగాన్నే పిల్లలు ఇంగ్లీషులో చదివి, ఆ తర్వాత జరిగినదాన్ని సొంత మాటల్లో చెప్పాలి. నాలుగో అధ్యాయంలో తుపాను రేగి పడవ నీళ్లతో నిండుతుంటే యేసు తలగడ మీద నిద్రపోతున్నాడు. మునిగిపోతామని భయపడినందుకు శిష్యులను ఎందుకు కోప్పడ్డాడు, ఎవరికైనా భయం వేయదా అని పిల్లలు అడిగితే, వెంటనే ప్రసంగం మొదలుపెట్టకుండా, మీరేమనుకుంటున్నారని తిరిగి అడగండి. పిల్లలు నోరు విప్పని కుటుంబ ప్రార్థన ఎన్నాళ్లు సాగినా వారికి పెద్దల కార్యక్రమంగానే మిగిలిపోతుంది.

బడిలో మతవిద్య పాఠం చెప్పే ఉపాధ్యాయురాలు 'క్రైస్తవులు ఇలా నమ్ముతారు' అంటుంది. మర్నాడు సిక్కుల గురించి, ముస్లింల గురించి కూడా అదే ధోరణిలో చెబుతుంది. మన విశ్వాసాన్ని పది మతాల్లో ఒకటిగా చెబుతున్నారని నొచ్చుకోనక్కరలేదు, ఆ పాఠం ఉద్దేశమే అది. పిల్లలను ఆ తరగతి నుంచి మినహాయించమని కోరే హక్కు ఇంగ్లండ్‌లో తల్లిదండ్రులకు ఉన్నా, దాన్ని వాడుకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ఆ రోజు పాఠంలో ఏం చెప్పారో ఇంట్లో అడిగి, బైబిలు తెరిచి ఆ భాగాన్ని కలిసి చూడండి.

సృష్టి, పరిణామవాదం గురించిన ప్రశ్న ఏదో ఒక రోజు తప్పక వస్తుంది. 'అలాంటివి అడగకూడదు' అన్నది అన్నిటికంటే చెడ్డ జవాబు, ఎందుకంటే ఆ తర్వాత పిల్లలు ప్రశ్నించడం మానరు, మనల్ని అడగడమే మానేస్తారు. ఆదికాండములోని దినాలు మామూలు రోజులేనా అన్న చర్చ డార్విన్ కంటే చాలా పాతదని, ఐదో శతాబ్దానికే క్రైస్తవ వేదాంతి అగస్టీను దాని గురించి విస్తారంగా రాశాడని చెప్పవచ్చు. తెలియని చోట తెలియదని ఒప్పుకుని, సంఘంలో చదువుకున్నవారిని కలిసి అడుగుదామనండి.

పెద్దల ఉద్యోగాల్లో మరో రకం జాగ్రత్త అవసరం. 2010 నాటి సమానత్వ చట్టం మత విశ్వాసాన్నీ, ఏ విశ్వాసమూ లేకపోవడాన్నీ ఒకేలా కాపాడుతుంది. ఆదివారం మాత్రమే పనిచేయడానికి చేరినవారు తప్ప, దుకాణాల్లో పనిచేసేవారు ముందుగా రాతపూర్వకంగా తెలియజేసి ఆదివారం పని నుంచి తప్పుకోవచ్చు. ఆసుపత్రి నర్సులకు అటువంటి హక్కు లేదు గనుక, డ్యూటీ పట్టిక ఖరారు కాకముందే పైఅధికారితో మాట్లాడుకోవాలి. వ్యక్తిగత విశ్వాసాలను అనుచితంగా వ్యక్తం చేయరాదని నర్సుల వృత్తి నియమావళిలో స్పష్టంగా ఉంది. మన ఊరి ఆసుపత్రిలో రోగి తలమీద చేయి వేసి ప్రార్థిస్తే కన్నీళ్లతో దండం పెడతారు, ఇక్కడ అదే పని విచారణకు దారితీయవచ్చు. రోగి తానుగా ప్రార్థన కోరితే రోగుల ఆధ్యాత్మిక అవసరాలు చూసే ఆసుపత్రి చాప్లిన్‌కు కబురు పెట్టడం క్షేమం. తోటి ఉద్యోగి మీ విశ్వాసం గురించి అడిగితే మాత్రం దాచుకోవద్దు. నిరీక్షణకు హేతువు అడిగినవారికి సాత్వికంతో సమాధానం చెప్పమని పేతురు రాశాడు. ముందు అడగడం, ఆ తర్వాతే చెప్పడం అన్న ఆ వరుస ఇక్కడి ఆఫీసులకు చక్కగా సరిపోతుంది.

సంఘం విషయానికొస్తే, నెలకోసారి జరిగే తెలుగు కూడిక ఒక్కటే పిల్లలకు చాలదు. ప్రతి ఆదివారం దగ్గరలోని స్థానిక సంఘానికి వెళ్లి, తెలుగు కూడికను దానికి తోడుగా ఉంచుకోండి.

పదిహేనేళ్లు దాటిన అబ్బాయో అమ్మాయో 'నాకు నమ్మకం లేదు' అంటే కన్నీళ్లతో, బెదిరింపులతో మోకాళ్లూనించకండి. ప్రార్థించమని అడగకుండా, చదివేటప్పుడు మాత్రం కూర్చోమనండి; తర్వాత ఏ గ్రంథం చదవాలో వారినే ఎంచుకోమనండి. ఏదీ తోచకపోతే ప్రసంగి గ్రంథం సూచించండి. పన్నెండు అధ్యాయాలే, పైగా 'సమస్తము వ్యర్థమే' అంటూ మొదలవుతుంది కనుక ఆ వయసు వారు దానితో వాదనకైనా దిగుతారు.