కెమెరా తెర మూసేసి, పాత లెన్సుతో సీమ ఎండలో ఫోటోలు

వెనక తెర లేని డిజిటల్ కెమెరాలు ప్రపంచంలో చాలా తక్కువ. లైకా 2016లో ఎం-డి, 2018లో ఎం10-డి, 2024లో ఎం11-డి తెచ్చింది. ఎం-డిలో తెర ఉండాల్సిన చోట ఐఎస్ఓ (సెన్సర్ వెలుతురుకు ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) చక్రం ఒక్కటే ఉంటుంది. అంతకుముందు 2004లో వచ్చిన ఎప్సన్ ఆర్-డి1 తెరను తిప్పి లోపలికి మూసేయొచ్చు. ఫిల్ము కెమెరాలో లాగే ప్రతి ఫోటోకూ లివరు లాగాలి. 2019 నాటి ఫుజీ ఎక్స్-ప్రో3 తెర కూడా లోపలి వైపే దాగి ఉంటుంది. లైకా ధర చాలామందికి అందదు. ఆర్-డి1 ఇప్పుడు దొరకడమే కష్టం. అందుకని ఇక్కడ చెప్పేదంతా మీ ఇంట్లో ఉన్న కెమెరాతోనే చేసే పద్ధతి.

తెర లేనప్పుడు రెండు సంగతులు కెమెరా ఎత్తకముందే మీకు తెలిసి ఉండాలి: వెలుతురు ఎంత ఉంది, మనిషి ఎంత దూరంలో ఉన్నాడు. ఈ రెండూ కంటితో కొలవడం వచ్చాక, ఇత్తడి హెలికాయిడ్ (లెన్సును ముందుకూ వెనక్కూ జరిపే మర) మీద తిరిగే పాత లెన్సు రింగును చేత్తో తిప్పి, చూడకుండానే సరైన చోట ఆపడంలో ఒక ఆనందం ఉంది. ఆటోఫోకస్ లెన్సులో అది దొరకదు.

కెమెరాను సిద్ధం చేయడం

పెళ్లిళ్లకు వాడి పక్కన పెట్టిన డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా) ఉంటే అదే మంచిది. దాని వ్యూఫైండర్‌లో కనిపించేది నిజమైన వెలుతురు, బొమ్మ కాదు. తెర మడిచేది అయితే లోపలికి తిప్పి మూసేయండి. లేకపోతే నల్ల అట్టను తెర కొలతకు కత్తిరించి, గుడ్డ టేపుతో నాలుగు వైపులా అంటించండి. మామూలు సెల్లో టేపు వద్దు, మే నెల ఎండకు జిగురు కారి తెర మీద మరకవుతుంది. మెనూలో ఫోటో తీశాక చూపించే రివ్యూను ఆపేయండి.

అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరా అయితే మరో మూడు పనులున్నాయి. లెన్సు లేకుండా షట్టరు పడే సెట్టింగు ఆన్ చేయాలి. పాత లెన్సుకు విద్యుత్ తాకులు ఉండవు, అందుకని ఇది ఆఫ్‌లో ఉంటే కెమెరా అసలు ఫోటోనే తీయదు. మొదటిసారి పాత లెన్సు తగిలించి ‘పాడైపోయిందేమో’ అని కంగారు పడేది దాదాపు ఎప్పుడూ ఇక్కడే. రెండోది, దృశ్యం వ్యూఫైండర్‌లో మాత్రమే కనిపించేలా పెట్టి, ఎక్స్‌పోజర్ ప్రివ్యూ ఆపేయాలి. అది ఆన్‌లో ఉంటే తెరను కంటి దగ్గరకు మార్చుకున్నట్టే. మూడోది, బాడీలో స్టెబిలైజర్ ఉంటే లెన్సు ఫోకల్ లెంగ్త్ మీరే నింపాలి. 58 మి.మీ. లెన్సు పెట్టి అక్కడ 24 అని వదిలేస్తే కుదుపు సరిగ్గా తగ్గదు.

ఫైలు రా (సెన్సర్ నమోదు చేసిన సమాచారమంతా ఉంచేది), వైట్ బ్యాలెన్స్ డేలైట్, మోడ్ ఎం, అంటే మాన్యువల్. ఇక మెనూలోకి వెళ్లకండి.

ఏ లెన్సు, ఏ బాడీ

పాత లెన్సును వేరే బాడీకి కలిపే రింగే అడాప్టర్. దాని సంగతి మొత్తం ఒక్క కొలత మీద నడుస్తుంది: లెన్సు మౌంటు నుంచి సెన్సర్ దాకా దూరం. ఎం42కు (పాత లెన్సుల్లో చాలావాటికి ఉండే మర) అది 45.46 మి.మీ., కెనాన్ ఈఎఫ్‌కు 44, నికాన్ ఎఫ్‌కు 46.5, సోనీ ఈకి 18, నికాన్ జెడ్‌కు 16, ఫుజీ ఎక్స్‌కు 17.7. బాడీ దూరం లెన్సు దూరం కన్నా తక్కువైతే మిగిలిన సందును అడాప్టర్ నింపుతుంది. కెనాన్ డీఎస్ఎల్ఆర్ మీద ఎం42 లెన్సుకు 1.46 మి.మీ. రింగు చాలు, అనంత దూరం దాకా ఫోకస్ వస్తుంది. నికాన్ డీఎస్ఎల్ఆర్ మీద రాదు. వచ్చేలా చేయడానికి గాజు ఉన్న అడాప్టర్లు అమ్ముతారు గానీ, ఆ గాజు మంచి లెన్సును కూడా మసక చేస్తుంది. నికాన్ ఉన్నవాళ్లు నికాన్ ఏఐ లెన్సులే చూసుకోవడం మేలు. డీ3000, డీ5000 తరగతి బాడీలకు అవి ఎక్కుతాయి, వెలుతురు కొలిచే మీటరు మాత్రం పనిచేయదు. మనకు మీటరుతో పని లేదు కదా. ఫోకస్ కుదిరినప్పుడు వెలిగే పచ్చ చుక్క పనిచేస్తుంది, అది పెద్ద సాయం. ఫుల్ ఫ్రేమ్ (ఫిల్ము అంత సెన్సర్ ఉన్న) కెనాన్‌లో ఒక జాగ్రత్త ఉంది. కొన్ని ఎం42 లెన్సుల వెనక భాగం అనంతం దగ్గర అద్దానికి తగులుతుంది. మొదటిసారి రింగు మెల్లగా తిప్పి చూడండి.

మొదటి లెన్సుగా హీలియోస్ 44-2, 58 మి.మీ. ఎఫ్/2. ఎఫ్ అంకె (ఎపర్చర్) చిన్నదైతే లెన్సు రంధ్రం పెద్దది, పెద్దదైతే రంధ్రం చిన్నది. ఆ రంధ్రాన్ని మూసే రేకులే బ్లేడ్లు. దీని వెనక వాటిని కదిపే పిన్ను ఉండదు, కాబట్టి ఏ అడాప్టర్‌తోనైనా బ్లేడ్లు మూసుకుంటాయి. 44ఎం రకాలకు పిన్ను ఉంటుంది. దాన్ని నొక్కిపట్టే అంచు ఉన్న అడాప్టర్ కొనకపోతే రింగు ఎంత తిప్పినా ఎఫ్/2 దగ్గరే ఉండిపోతారు. సూపర్ టాకుమార్ 55 మి.మీ. ఎఫ్/1.8కి పక్కన ఆటో, మాన్యువల్ మీట ఉంటుంది, దాన్ని మాన్యువల్ వైపు పెట్టుకుంటే సరి. రింగు నున్నగా తిరగడంలో టాకుమార్‌కు సాటి తక్కువ. రెండిటికీ ఫిల్టర్ కొలత 49 మి.మీ. ఏపీఎస్-సీ (ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్) బాడీ మీద 58 దాదాపు 87లా, కెనాన్‌లో 93లా చూస్తుంది, ముఖాలకు బాగుంటుంది. ఊరు, వీధి, సంత తీయాలంటే 28 కావాలి.

లెన్సు చేతికి వచ్చాక సెల్‌ఫోన్ టార్చి వెనక నుంచి ఏటవాలుగా వేసి ముందు నుంచి చూడండి. సాలెగూడులాంటి పోగులు కనిపిస్తే బూజు, మొత్తం పాలపొరలా ఉంటే ఆవిరి పేరిన మసక. రెండు నూగు గింజలంత దుమ్ము ఉంటే పట్టించుకోవద్దు, అది ఫోటోలో కనిపించదు. సీమలో గాలి పొడిగా ఉంటుంది. అనంతపురంలో ఏడాది సగటు వాన 550 మి.మీ. దగ్గరే. అందుకని బూజు భయం కోస్తా కన్నా తక్కువ. ఇక్కడి శత్రువు వేడి. ఎండలో నిలిపిన కారులో లెన్సు వదిలేస్తే హెలికాయిడ్ గ్రీజులోని నూనె వేరుపడి బ్లేడ్ల మీదికి పాకుతుంది. ఎఫ్/16 దగ్గర బ్లేడ్లు మెరుస్తూ తడిగా కనిపిస్తే అదే గుర్తు. నొక్కే క్షణంలో బ్లేడ్లు వాటంతటవే మూసుకునే ఆటో లెన్సుల్లో ఆ నూనెకు అవి అతుక్కుని ఆలస్యంగా కదులుతాయి. హీలియోస్ 44-2లాంటి ప్రీసెట్ లెన్సులో మీరే చేత్తో తిప్పుతారు కాబట్టి అంత నష్టం లేదు.

దూరం: అసలు పని ఇదే

అడాప్టర్లు చేసేవాళ్లు అనంత దూరం ఫోకస్ కచ్చితంగా రావాలని వాటిని కావాలనే కాస్త పొట్టిగా చేస్తారు. కంటితో చూసి ఫోకస్ చేసేవాడికి ఇది తెలియదు. లెన్సు మీద అంకె చూసి దూరం పెట్టేవాడికి మాత్రం ఇది కొంప ముంచుతుంది. లెక్క చూడండి. అడాప్టర్ 0.1 మి.మీ. పొట్టి అనుకుందాం, అంటే ఒక ఎ4 కాగితం మందమంత. 50 మి.మీ. లెన్సును 3 మీటర్ల దగ్గర పెడితే నిజంగా ఫోకస్ పడేది 3.4 మీటర్ల దగ్గర. 28 మి.మీ. లెన్సయితే 4.8 మీటర్ల దగ్గర! మనిషి కళ్లు మసక, వెనక గోడ స్పష్టం. లెన్సు పాడైందని అమ్మేసేవాళ్లు ఉన్నారు. తప్పు ఆ కాగితం మందంలో ఉంది.

సరిచేసే పద్ధతి ఇది. బాడీ పైన గీత కొట్టిన సున్నా గుర్తు ఉంటుంది, సెన్సర్ ఉన్నది అక్కడ. అక్కడి నుంచి టేపుతో సరిగ్గా 3 మీటర్లు కొలిచి గోడకు పేపరు అంటించండి. స్టాండు మీద కెమెరా పెట్టి, లెన్సు పూర్తిగా తెరిచి, వ్యూఫైండర్‌లో పెద్దది చేసి అక్షరాలు పదునుగా వచ్చేదాకా రింగు తిప్పండి. డీఎస్ఎల్ఆర్ అయితే ఈ ఒక్క పనికి అట్ట తీసి లైవ్ వ్యూ వాడండి. ఇప్పుడు లెన్సు మీద అంకె ఎంత చూపిస్తోందో చూసి, నిజమైన 3 మీటర్ల చోట తెల్ల గోళ్లరంగుతో చిన్న చుక్క పెట్టండి. ఇలాగే 1.5, 5 మీటర్లకు, చివరగా కిలోమీటరు అవతలి సెల్ టవరుకు. ఈ చుక్కలు ఆ అడాప్టర్‌కే చెల్లుతాయి. అడాప్టర్ మారిస్తే మళ్లీ మొదటికి. కొన్ని అడాప్టర్లు రెండు ముక్కలుగా మరలతో బిగించి ఉంటాయి. ఓపిక ఉంటే మధ్యలో పలచని ప్లాస్టిక్ పొర వేసి పొట్టితనం తీసేయొచ్చు.

ఇక కంటికి దూరం నేర్పాలి. దానికి సీమ ఇళ్లంత అనువైన చోటు లేదు. చాలా ఇళ్లలో నేల మీద రెండడుగుల కడప బండలు పరిచి ఉంటాయి. ఐదు బండలంటే పదడుగులు, మూడు మీటర్లు. రెండున్నర బండలు ఒకటిన్నర మీటరు. ముందు మీ ఇంటి బండ కొలుచుకోండి, ఒక్కోచోట కొలత వేరుగా ఉంటుంది. బయట ఉన్నప్పుడు బార లెక్క: రెండు చేతులు చాచిన వెడల్పు దాదాపు మీ ఎత్తంత. రోజుకు పదిసార్లు ‘ఆ స్తంభం ఎంత దూరం’ అని అనుకుని అడుగులతో కొలవండి. వారంలో అరమీటరు తేడాలోకి వస్తారు.

అరమీటరు తప్పును ఎపర్చర్ దాచేస్తుంది. ఫుల్ ఫ్రేమ్ మీద 50 మి.మీ. లెన్సును ఎఫ్/8, 3 మీటర్లకు పెడితే 2.3 నుంచి 4.2 మీటర్ల దాకా స్పష్టంగా ఉంటుంది. ఏపీఎస్-సీలో అది 2.5 నుంచి 3.7కి తగ్గుతుంది. ఎక్కడి నుంచి ఎక్కడి దాకా స్పష్టమో చెప్పేందుకు లెన్సు మీద గీసిన లోతు గీతలు ఫిల్ము కొలతకు వేసినవి, కాబట్టి ఏపీఎస్-సీలో ఎఫ్/8 పెట్టి ఎఫ్/5.6 గీతలు చదవండి. 28 మి.మీ. ఎఫ్/8కి ఫుల్ ఫ్రేమ్‌లో 3.3 మీటర్ల దగ్గర పెడితే 1.65 మీటర్ల నుంచి దిగంతం దాకా అంతా వస్తుంది. ఏపీఎస్-సీలో 4.9 దగ్గర పెట్టాలి, దగ్గరి హద్దు 2.45. సంతలో తిరిగేటప్పుడు ఇలా పెట్టుకుంటే ఫోకస్ మాటే మరిచిపోవచ్చు.

హీలియోస్‌ను ఎఫ్/2లో వాడితే ఈ లెక్కలు పనికిరావు. రెండు మీటర్ల దగ్గర ఏపీఎస్-సీలో స్పష్టంగా ఉండే మొత్తం లోతు 9 లేదా 10 సెంటీమీటర్లే. అప్పుడు వ్యూఫైండర్‌లో కంటి రెప్పల మీద ఫోకస్ చేసి, రింగు వదిలేసి, మీరే అర అంగుళం ముందుకూ వెనక్కూ ఊగుతూ పదునైన క్షణంలో నొక్కాలి. దాని సుడి తిరిగే నేపథ్యం కావాలంటే మనిషి రెండు మీటర్లలో, వెనక వేపచెట్టో చింతచెట్టో ఆరేడు మీటర్లలో ఉండాలి. ఆకుల సందుల్లోంచి ఆకాశం కనిపించాలి. ఉత్త గోడ ముందు సుడి రాదు.

వెలుతురు: నీడ అంచు చూడండి

ఐఎస్ఓ 200, షట్టరు 1/200. నేల మీద నీడ అంచు కత్తితో కోసినట్టుంటే ఎఫ్/16. అంచు మెత్తబడితే ఎఫ్/11. నీడ ఉందా లేదా అన్నట్టుంటే ఎఫ్/8. నీడే లేకపోతే ఎఫ్/5.6. ఎండకాలం వసారా నీడలో కూర్చున్న మనిషికి ఎఫ్/4. సాయంత్రం చెయ్యి చాచి చూస్తే సూర్యుడు కొండకు బెత్తెడు పైన ఉన్నప్పుడు ఎఫ్/11కూ ఎఫ్/8కూ మధ్య. ఎఫ్/16 చాలా లెన్సులకు ఇష్టమైన చోటు కాదు, వివరం కాస్త మెత్తబడుతుంది. కాబట్టి ఎండలో 1/800, ఎఫ్/8గా మార్చుకుని వాడండి, వెలుతురు లెక్క అదే.

డిజిటల్‌లో తెలుపు ఒకసారి ఎగిరిపోతే తిరిగి రాదు, నీడను రా ఫైల్లో లేపొచ్చు. అందుకని ఎండలో తెల్ల పంచె, సున్నం కొట్టిన గోడ ఉంటే ఒక స్టాపు, అంటే వెలుతురును సగానికి, తగ్గించండి. తాడిపత్రి చింతల వెంకటరమణస్వామి గుడి శిల్పాల్లాంటివి తీసేటప్పుడు మధ్యాహ్నం వద్దు. నీడలు బొగ్గులా పడతాయి. పొద్దున పక్క నుంచి వెలుతురు వచ్చేటప్పుడు చెక్కడం లేచి నిలబడుతుంది. మండపం లోపల ఐఎస్ఓ 1600, ఎఫ్/2.8, 1/60తో మొదలుపెట్టి, ఒక స్టాపు ఎక్కువతో ఒకటి, తక్కువతో ఒకటి కూడా తీయండి. లోపలి వెలుతురును కంటితో కచ్చితంగా చెప్పడం ఎవరికీ రాదు, అక్కడ మూడు ఫోటోలు తీయడం తప్పేమీ కాదు. గర్భగుడి వైపు కెమెరా ఎత్తొద్దు.

పాత లెన్సుల పూత పలచన. ఎండ పక్క నుంచి గాజు మీద పడితే బొమ్మంతా పాలపొర కమ్ముతుంది, తెర లేదు కాబట్టి మీకది రాత్రి దాకా తెలియదు. 49 మి.మీ. రబ్బరు హుడ్ తప్పనిసరి. లేకపోతే ఎడమ అరచేతి నీడ ముందు గాజు మీద పడేలా పట్టుకోండి. గండికోట అంచున నిలబడి పెన్నా లోయను సాయంత్రం తీసేటప్పుడు ఇది బాగా పనికొస్తుంది. అక్కడ అంతా అనంత దూరమే, కాబట్టి రింగును చివరిదాకా తిప్పేయకుండా మీ సెల్ టవర్ చుక్క దగ్గర ఆపండి. చివరిదాకా తిప్పితే పొట్టి అడాప్టర్ వల్ల ఫోకస్ కొండలను దాటిపోయి ఏదీ పదునుగా రాదు.

మూత పెట్టకుండా మిర్రర్‌లెస్‌ను మెడలో వేలాడదీసి ఎండలో నడవొద్దు. ఎఫ్/2లో తెరిచి ఉన్న లెన్సు భూతద్దమే, సెన్సర్ మీద మచ్చ పడొచ్చు.

ఇంటికొచ్చాక

మాన్యువల్ లెన్సు ఎపర్చర్ ఎంతో ఫైల్లో నమోదు కాదు. జేబులో చిన్న నోటు పుస్తకం పెట్టుకుని ‘ఎఫ్/8, 3 మీ., నీడ మెత్తన’ అని ప్రతి ఫోటోకూ రాసుకోండి. రాత్రి కంప్యూటర్‌లో ఫోటో పక్కన ఆ రాతలు పెట్టి చూస్తే మీ కన్ను ఎటువైపు తప్పుతోందో తెలుస్తుంది. చాలామంది నీడలో వెలుతురును ఎక్కువ అంచనా వేస్తారు, దూరాన్ని తక్కువ అంచనా వేస్తారు.

ఆకాశంలో ప్రతి ఫోటోలోనూ ఒకేచోట నల్ల చుక్క కనిపిస్తే అది సెన్సర్ మీది దుమ్ము. కర్నూలు రేగడి దుమ్మైనా, అనంతపురం ఎర్రమట్టైనా గాలి లేస్తే లెన్సు మార్చొద్దు, రోజుకు ఒక్క లెన్సే. తప్పదంటే గాలికి వీపు పెట్టి, బాడీ నోరు నేల వైపు ఉంచి మార్చండి. నెలకోసారి తెల్ల గోడను ఫోకస్ తప్పించి ఎఫ్/16లో తీసి చూడండి. చుక్కలుంటే రబ్బరు బుడ్డితో గాలి ఊదండి, నోటితో ఊదొద్దు. తర్వాత లెన్సును తోలు సంచిలో కాకుండా, సిలికా జెల్ పొట్లం వేసిన మూతగట్టి డబ్బాలో, బ్లేడ్లు పూర్తిగా తెరిచి, ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండే గదిలో పెట్టండి.