అడవి సవ్వడిని రికార్డ్ చేయాలంటే: మైకు పెట్టి పక్కకు తప్పుకోండి

మొదటి రోజు మైకును సంచిలోంచి తీయకండి. అనుకున్న చోటికి వెళ్ళి అరగంట కదలకుండా కూర్చోండి. కాగితం మధ్యలో ఒక చుక్క పెట్టి, అది మీరే అనుకుని, ఏ చప్పుడు ఏ వైపు నుంచి ఎంత దూరంలో వినిపిస్తోందో చుట్టూ గుర్తులు పెట్టండి. ప్రకృతి శబ్దాలను రికార్డ్ చేసే అమెరికన్ పరిశోధకుడు బెర్నీ క్రౌస్ చేసిన విభజన ఇక్కడ పనికొస్తుంది. జీవులు చేసేది బయోఫోనీ, గాలీ నీరూ వానా చేసేది జియోఫోనీ, మనుషులూ యంత్రాలూ చేసేది ఆంత్రోపోఫోనీ. మూడింటికీ మూడు రంగులు వాడండి. మొదట్లో కాగితం మీద పెద్దగా ఏమీ పడదు, మీ అడుగుల అలికిడికి దగ్గర్లోని కప్పలూ కీచురాళ్ళూ నోరు మూసుకుంటాయి. అవి మళ్ళీ ఎంతసేపటికి గొంతు విప్పుతాయో రాసుకోండి. రికార్డింగ్ రోజున మొదటి అంతసేపూ వృథా అన్నమాటే.

చోటు ఎంచుకోవడంలో ఎక్కువమంది బోల్తా పడేది వాగు దగ్గర. కంటికి బాగుందని ఒడ్డునే మైకు పెడితే గంటసేపూ ఒకటే హోరు. నాలుగడుగులు వెనక్కి జరిగినా లాభం తక్కువే. ఒకచోట కూర్చుని కూసే పక్షికి దూరం రెట్టింపైతే శబ్దం దాదాపు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. వాగు తన పొడవునా మోగుతుంది కాబట్టి దాదాపు 3 డెసిబెల్స్ మాత్రమే తగ్గుతుంది. వాగుకూ మీకూ మధ్య చిన్న దిబ్బో మిట్టో అడ్డం ఉండేలా చూసుకోవడం మేలు.

వేళ విషయానికొస్తే, పక్షుల మేళం కోసం సూర్యోదయానికి గంటన్నర ముందే రికార్డర్ నడుస్తూ ఉండాలి. ఆ వేళ గాలి తక్కువ. కానీ దానికో చిక్కు కూడా ఉంది. నేల దగ్గర చల్లగాలి, పైన వెచ్చనిగాలి ఉన్నప్పుడు శబ్దం కిందికి వంగి దూరం ప్రయాణిస్తుంది. పగలు వినపడని రోడ్డు తెల్లవారుజామున కిలోమీటర్ల అవతలి నుంచి వినిపిస్తుంది. అందుకే చోటును పరీక్షించడం కూడా అదే వేళకు చేయాలి.

ఇక పరికరాలు. ప్రశాంతమైన అడవిలో అసలు శత్రువు మైకు సొంత రొద, అంటే సెల్ఫ్ నాయిస్. చేతి రికార్డర్లకు ఉండే మైకుల్లో ఇది తరచు 20 డీబీఏ (మనిషి చెవికి తగ్గట్టు లెక్కించిన డెసిబెల్స్) దాటుతుంది. రాత్రి అడవి అంతకన్నా నిశ్శబ్దంగా ఉండొచ్చు, అప్పుడు మీకు దక్కేది బుసబుసే. 14 డీబీఏ, కుదిరితే 10కి లోపు ఉన్న మైకులు చూడండి. రికార్డర్ ప్రీఆంప్, అంటే మైకు సిగ్నల్‌ను పెంచే భాగం, కూడా అంత శుభ్రంగా ఉండాలి, లేకపోతే మంచి మైకు కొన్నా ఫలితం ఉండదు. డబ్బు పరిమితమైతే రికార్డర్ మీద కాస్త తగ్గించుకుని మైకుల మీద పెట్టండి. ఫోన్‌తో మొదలుపెట్టినా తప్పులేదు. అయితే వాయిస్ మెమోల్లో ఉండే నాయిస్ తగ్గింపు మాటలను ఉంచి కీచురాళ్ళను చెత్త కింద ఊడ్చేస్తుంది. అది ఆపగలిగే యాప్ వాడండి, ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉంచండి.

గాలికి స్పాంజి టోపీ సరిపోదు, బొచ్చు తొడుగు కావాలి. ఆ బొచ్చును ఆకు తాకినా గరగరమంటుంది కాబట్టి చుట్టూ జానెడు జాగా వదలండి. గాలి గుద్దుడు మైకు దగ్గరే సిగ్నల్‌ను చీల్చేస్తే ఏ ఫిల్టరూ తర్వాత బాగుచేయలేదు.

రెండు మైకులతో అమరిక చాలా సులువు. 20 నుంచి 30 సెంటీమీటర్ల లావున్న చెట్టు మానుకు రెండు పక్కలా, మనిషి తల ఎత్తులో, ఒక్కో ఓమ్నీ మైకు (అన్ని వైపుల నుంచీ వినేది) బిగించండి. మాను మన తలలా మధ్యలో అడ్డుగా పనిచేసి కుడి ఎడమలను వేరుచేస్తుంది. బిగించే ముందు మాను మీద చీమల బారు ఉందో లేదో చూడండి, మైకు మీద నడిచే చీమ హెడ్‌ఫోన్స్‌లో గుర్రంలా వినిపిస్తుంది. కార్డియాయిడ్ మైకులుంటే (ప్రధానంగా ముందు వైపు వినేవి) ఓఆర్‌టీఎఫ్ అనే స్టీరియో పద్ధతి వాడండి: మధ్య దూరం 17 సెంటీమీటర్లు, కోణం 110 డిగ్రీలు.

సెట్టింగులు 24 బిట్, 48 కిలోహెర్ట్జ్, వేవ్ ఫైల్. స్టీరియోలో గంటకు సుమారు 1 జీబీ. మన చెవికి అందని గబ్బిలాల కూతలు కావాలంటే ఇది చాలదు. శాంపిల్ రేటులో (పైన చెప్పిన 48 కిలోహెర్ట్జ్ అదే) సగం పౌనఃపున్యం వరకే పట్టుబడుతుంది, కనుక 192 కిలోహెర్ట్జ్ మీదికి వెళ్ళాలి, మైకు కూడా ఆ స్థాయిని వినగలగాలి. గెయిన్ అంటే మైకు సిగ్నల్‌ను ఎంత పెంచాలన్న సెట్టింగు. దాన్ని రికార్డర్ తనంతట మార్చే ఆటో గెయిన్ తప్పక ఆపండి. అది నిశ్శబ్దం రాగానే రొదను పైకి లాగుతుంది, పక్షి కూయగానే కిందికి తొక్కుతుంది. అతి పెద్ద కూత రికార్డర్ మీటర్ మీద మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా గెయిన్ పెట్టి ఇక ముట్టుకోకండి. మీటర్ మందకొడిగా కనిపిస్తోందని పెంచేస్తే, పది నిమిషాల తర్వాత పక్కకొమ్మ మీద వాలిన పక్షి కూత హద్దు దాటి రికార్డింగ్‌ను పగలగొడుతుంది. 32 బిట్ ఫ్లోట్ (అతి చిన్న, అతి పెద్ద శబ్దాలు రెండింటినీ పట్టే రికార్డింగ్ పద్ధతి) ఉంటే ఈ బెడద పోతుంది, మైకు రొద మాత్రం ఎక్కడికీ పోదు.

రికార్డ్ నొక్కి, తేదీ, సమయం, చోటు, గెయిన్ నోటితో చెప్పి, కనీసం 50 మీటర్లు దూరం వెళ్ళిపోండి. దగ్గర కూర్చుంటే ఊపిరి, కడుపు గుడగుడ, జాకెట్ గరగర అన్నీ ఎక్కుతాయి. గంటకు తక్కువ తీయకండి, విమానాలు పోగా మిగిలేది ఎలాగూ కొన్ని నిమిషాలే. పక్షిని రప్పించడానికి దాని కూతను స్పీకర్‌లో వినిపించడం వద్దు. తన హద్దులోకి ఇంకొకటి వచ్చిందని అది గూడు వదిలి పోట్లాటకు వస్తుంది.

రాత్రంతా వదిలేస్తే రెండు చోట్ల దెబ్బ తింటారు. మొదటిది కరెంటు. కొన్ని పవర్‌బ్యాంకులు రికార్డర్ తీసుకునే కొద్దిపాటి కరెంటును గుర్తించక వాటంతటవే ఆగిపోతాయి, ఇంట్లోనే ఒక రాత్రి పరీక్షించండి. చలిలో ఆల్కలైన్ సెల్స్ త్వరగా డీలా పడతాయి, లిథియం వాడండి. రెండోది తేమ. కండెన్సర్ మైకులో చెమ్మ చేరితే పటపటమని చిటపటలు మొదలవుతాయి. చల్లని కారులోంచి తీసిన మైకును మూత పెట్టిన డబ్బాలోనే అరగంట ఉంచి, బయటి వేడికి అలవాటయ్యాక తెరవండి. తిరిగొచ్చాక సిలికా జెల్‌తో ఆరబెట్టండి.

ఇంటికొచ్చాక ముందు అసలు ఫైలు రెండు చోట్ల దాచండి. తర్వాత ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో స్పెక్ట్రోగ్రామ్ (ఏ సమయంలో ఏ పౌనఃపున్యం మోగిందో చూపే బొమ్మ) తెరిస్తే గంట రికార్డింగ్‌ను నిమిషంలో చదవొచ్చు: కింద పొగలా పరుచుకున్నది గాలి లేదా ట్రాఫిక్, పైన అడ్డగీతలా సాగేది పురుగులు, మధ్యలో వంకరగీతలు పక్షులు. 80 హెర్ట్జ్ కింద కోత పెడితే చాలామటుకు బాగుపడుతుంది. నాయిస్ రిడక్షన్ జోలికి వెళ్తే కొద్దిగానే వెళ్ళండి, ఎక్కువైతే ఆకుల సవ్వడి నీళ్ళలో మునిగినట్టు గుడగుడలాడుతుంది. చివరిగా ఫైలు పేరులోనే తేదీ, సమయం, చోటు చేర్చండి. వాతావరణం, వాడిన మైకు వివరాలు పక్కనే ఒక చిన్న నోట్‌లో రాసి ఉంచండి.