ఫారం-బి నింపే ముందు ఎలుక గురించి ఆలోచించండి

నేను పశువైద్యురాలిని. విశాఖలో ఒక ఫార్మసీ కాలేజీ జంతు ఎథిక్స్ కమిటీలో సభ్యురాలిని. ఎం.ఫార్మ్ ప్రాజెక్టులు మొదలయ్యే రోజుల్లో ఫారం-బిలు, అంటే జంతువులపై ప్రయోగానికి అనుమతి కోరే దరఖాస్తులు, వరుసగా వస్తాయి. వాటిని ఎలా నింపితే బాగుంటుందో పిల్లలకు చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను.

అసలు ఎలుక అవసరమా? కణాల మీదో, కంప్యూటర్ మీదో తేలే విషయమైతే అక్కడే తేల్చండి. క్లాసు ప్రాక్టికల్స్‌కైతే పుదుచ్చేరి జిప్మర్‌లో తయారైన ఎక్స్‌ఫార్మ్ లాంటి సాఫ్ట్‌వేర్ ఉంది. దానికి ప్రాణి అక్కర్లేదు.

తర్వాత సంఖ్య. గ్రూపుకు ఆరు ఎలుకలు ఎందుకని అడిగితే "అందరూ అంతే పెడతారు మేడమ్" అంటారు. అది కారణం కాదు. పాత డేటా ఉంటే స్టాటిస్టిక్స్ తెలిసినవాళ్ల దగ్గర కూర్చుని లెక్క వేయించుకోండి. లేకపోతే ఒక సులువైన లెక్క ఉంది: మొత్తం జంతువుల్లోంచి గ్రూపుల సంఖ్య తీసేస్తే వచ్చేది 10కి, 20కి మధ్య ఉండాలి. ఐదు గ్రూపులు, గ్రూపుకు ఆరు అంటే 30. అందులో 5 తీస్తే 25, ఎక్కువైంది. గ్రూపుకు ఐదు చేస్తే సరిగ్గా 20. ఐదు ప్రాణాలు దక్కాయి. ఎలుకకు షుగర్ తెప్పించే స్ట్రెప్టోజోటోసిన్ ఇచ్చాక కొన్ని చనిపోతాయని భయం ఉంటే కారణం రాసి అదనంగా అడగండి. కారణం బాగుంటే మేం కాదనం.

నాకు అన్నిటికంటే ముఖ్యం నొప్పి గురించి రాసే భాగం. "నొప్పి ఉండదు" అని ఒక్క ముక్కలో తేల్చేయకండి. ఎలుక బాధ పైకి చెప్పుకోదు. వీపు గూనిలా వంచి ఓ మూల కూర్చుంటుంది. వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి. కళ్ల చుట్టూ, ముక్కు దగ్గర ఎర్రటి మరక కనిపిస్తుంది. చూసి రక్తం అనుకుంటారు, కానీ అది కంటి వెనక గ్రంథిలోంచి వచ్చే పోర్ఫిరిన్ అనే ఎర్రటి పదార్థం. నలతగా ఉన్న ఎలుక ఒళ్లు శుభ్రం చేసుకోవడం మానేస్తే అది అలాగే ఉండిపోతుంది. ఏ లక్షణం కనిపిస్తే ప్రయోగం ఆపేస్తారో, బరువు ఎంత తగ్గితే ఆపేస్తారో (20 శాతం అని చాలామంది పెట్టుకుంటారు) ముందే రాయండి. ఆదివారం ఎవరు వచ్చి చూస్తారో కూడా రాయండి. శని, ఆదివారాల్లో ఎలుకకు సెలవుండదు కదా.

షుగర్ తెప్పించిన ఎలుక తెగ నీళ్లు తాగుతుంది, తెగ పోస్తుంది. పొద్దున వేసిన ఊక సాయంత్రానికి ముద్దయి అమోనియా ఘాటు కొడుతుంది. మార్గదర్శకాల ప్రకారం గదిలో 18 నుంచి 29 డిగ్రీలు, తేమ 30 నుంచి 70 శాతం ఉండాలి. మన విశాఖ ఉక్కపోతలో ఏసీ ఆగితే ఈ రెండూ దాటిపోవడానికి ఎంతోసేపు పట్టదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. కాబట్టి జనరేటర్ ఉందా, డీజిల్ ఎవరు చూస్తారు అని యానిమల్ హౌస్ ఇన్‌చార్జిని అడిగి తెలుసుకోండి.

మీటింగ్‌లో మాలాంటి వాళ్లతో పాటు సైన్సు చదవని సభ్యులు, జంతు ప్రయోగాలను పర్యవేక్షించే కేంద్ర కమిటీ సీసీఎస్‌ఈఏ నామినీ కూడా ఉంటారు. వాళ్లకు అర్థమయ్యేలా మామూలు మాటల్లో చెప్పండి. అనుమతి పత్రం చేతికొచ్చేదాకా ఎలుకలకు ఆర్డర్ పెట్టకండి. ఆ తర్వాత డోసు మార్చాలన్నా, కొత్త గ్రూపు కలపాలన్నా మళ్లీ కమిటీకి రాయాల్సిందే.