ఫ్రిజ్‌ను టాల్ యూనిట్‌లో (నిలువెత్తు అల్మారాలో) పెట్టించేవాళ్లు ప్లై కోయించకముందే చూసుకోవాల్సినవి

వైశాఖంలో గృహప్రవేశం పెట్టుకుని, వంటింటి పని ఇంకా కార్పెంటర్ చేతిలోనే ఉండి, ఫ్రిజ్ కూడా అల్మారా తలుపుల వెనకే ఉండాలని ఇంట్లో తీర్మానం అయిపోయుంటే, ఒక్క పూట ఆగండి. మాకు ఈ సంగతులన్నీ రోహిణి కార్తెలో తెలిశాయి. ముహూర్తం కంగారులో మేముంటే, యూనిట్ పైన ఖాళీ చూడ్డానికి బాగోలేదని ఫాల్స్ సీలింగ్ కుర్రాడు నీట్‌గా ఒక పట్టీ కొట్టి మూసేశాడు, మేమూ బాగుందనే అన్నాం. మే నెలాఖరుకి దోసెల పిండి రాత్రికి రాత్రే పొంగి మూత లేచిపోయి కింది అరలోకి కారింది, ఐస్‌క్రీమ్ గ్లాసులో పోసుకుని తాగేలా అయింది, కంప్రెసర్ మాత్రం పగలూ రాత్రీ ఆగకుండా మోగుతూనే ఉంది. సర్వీసు అబ్బాయి వచ్చి, ఫ్రిజ్ తలుపు కూడా తియ్యకుండా, స్టూలెక్కి ఆ పట్టీ ఊడబీకాడు. అక్కడ చెయ్యి పెడితే అన్నం కుండ మూత తీసినట్టు వేడి కొట్టింది.

ఫ్రిజ్ చేసే పని లోపలి వేడిని లాగి బయట పారబొయ్యడం. పారబోసిన వేడి పోయే దారి లేకపోతే అది అక్కడే తిరుగుతుంది. అందుకే అల్మారా గీయించేటప్పుడు ముందు గాలి దారి గీయించండి, లామినేట్ రంగు తర్వాత చూసుకోవచ్చు.

దారి ఇలా ఉండాలి. కింద ప్లింత్‌లో, అంటే యూనిట్ అడుగు పట్టీలో, ఒక సందు, దాంట్లోంచి చల్లగాలి లోపలికి. ఫ్రిజ్ వెనక నిలువునా పొగగొట్టంలా ఒక ఖాళీ, సుమారు 4 నుంచి 5 సెంటీమీటర్లు. పైన మళ్లీ సందు, దాంట్లోంచి వేడిగాలి బయటికి. కిందా పైనా సందు ఒక్కోటి కనీసం 200 చదరపు సెంటీమీటర్లని చాలా కంపెనీల మాన్యువళ్లు చెప్తాయి, అంటే 50 సెంటీమీటర్ల పొడవు, 4 సెంటీమీటర్ల వెడల్పు. ఇది నికరంగా గాలి ఆడే జాగా. బొద్దింకలు, ఎలుకలు వస్తాయని మనం జాలీ కొట్టిస్తాం, కొట్టించాలి కూడా, కానీ జాలీ తీగలే కొంత జాగా తినేస్తాయి కాబట్టి సందు ఆ మేరకు పెద్దది కోయించండి. యూనిట్‌కి వెనక ప్లై వద్దు, లేదా ఫ్రిజ్ ఉన్నంతమేరా కోసెయ్యాలి. మధ్యలో అర ఉంటే ఆ అర కూడా వెనక గోడ దాకా వెళ్లకూడదు, దారి అక్కడే తెగిపోతుంది. ఆ పైన లాఫ్ట్ ఉంటే సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే లాఫ్ట్ చేసేది ఇంకో మనిషి, ఆయనకి కింద ఏముందో ఎవరూ చెప్పరు.

ఇంకో పెద్ద పొరపాటు, మామూలు డబుల్ డోర్ ఫ్రిజ్ కొని దాని చుట్టూ పెట్టె కట్టించడం. మీ ఇంట్లో ఉన్న ఫ్రిజ్ పక్క గోడ మీద చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా ఉందంటే వేడిని బయటికి వదిలే గొట్టాలు ఆ పక్క గోడల్లోనే ఉన్నట్టు. చాలా మామూలు ఫ్రిజ్‌లలో ఇప్పుడు ఇంతే. దాన్ని రెండు ప్లైల మధ్య ఇరికిస్తే దుప్పటి కప్పి పరిగెత్తించినట్టే. బిల్ట్-ఇన్ అని అమ్మేది వేరు, అది వేడిని వెనక నుంచి వదిలేలా కట్టింది. ధర చూస్తే గుండె గుభేలుమంటుంది, నిజమే, అంత పెట్టలేకపోతే మామూలు ఫ్రిజ్‌ని బయటే దర్జాగా నిలబెట్టండి, తప్పేం లేదు.

కొలతల దగ్గర నాదొకటే మాట, ముందు మోడల్ ఖాయం చేసి దాని డ్రాయింగ్ ప్రింట్ తీసి కార్పెంటర్ చేతిలో పెట్టండి, అదీ మిల్లీమీటర్లలో. ఈ బిల్ట్-ఇన్ మెషీన్లు యూరప్ వంటింటి లెక్క ప్రకారం చేసినవి, లోపలి వెడల్పు కనీసం 560 మిల్లీమీటర్లు, లోతు కనీసం 550, నిలువెత్తు వాటికి ఎత్తు 1775 నుంచి 1780 దాకా అడుగుతాయి. మన మేస్త్రీ టేపు చూసి "ఇరవై రెండు అంగుళాలే కదా సార్" అంటాడు. 22 అంగుళాలంటే 558.8, అక్కడే 1.2 మిల్లీమీటర్లు పోయింది. యూనిట్ బయటికి 600 పెట్టించుకున్నా చూడండి, 18 మిల్లీమీటర్ల ప్లై, బయట 1 మిల్లీమీటరు మైకా, లోపల 0.8, రెండు వైపులా కలిపి 39.6 పోతే మిగిలేది 560.4. ప్లై కాస్త వంగినా, ఫెవికాల్ కాస్త మందంగా పడినా అయిపోయింది. ఒక ఐదు మిల్లీమీటర్లు ఎక్కువే పెట్టించండి. పైనా మధ్యా కిందా మూడు చోట్ల కొలవండి, అడుగున రసమట్టం పెట్టి చూడండి.

కొనేటప్పుడు క్లైమేట్ క్లాస్ చూడండి, లోపల స్టిక్కర్ మీద ఉంటుంది. ఎన్ అంటే గది వేడి 32 డిగ్రీల దాకా, ఎస్‌టీ 38 దాకా, టీ 43 దాకా. విజయవాడ, రామగుండం ఎండలకి టీ లేనిది కొనకండి. ఫ్రీజర్ విడిగా, ఫ్రిజ్ విడిగా పక్కపక్కన పెట్టేవాళ్లు ఆ మోడళ్లు అలా పెట్టడానికి పనికొస్తాయో లేదో అడగండి, పనికిరానివి పెడితే మధ్యలో తేమ పట్టి నీళ్లు కారతాయి, వానాకాలంలో ప్లై ఉబ్బేది అక్కడే.

తలుపు సంగతి. కొన్నిటికి అల్మారా షట్టర్‌ని నేరుగా ఫ్రిజ్ తలుపుకే బిగిస్తారు, కొన్నిటికి షట్టర్ యూనిట్ కబ్జాల (మడత బందుల) మీదే వేలాడుతూ ఫ్రిజ్ తలుపుతో జారుతుంది. మీది ఏ రకమో తెలీకుండా కార్పెంటర్ కబ్జాలకి బెజ్జాలు వేస్తే షట్టర్ పాడైనట్టే. షట్టర్ బరువు ఎంత దాకా మొయ్యగలదో మాన్యువల్‌లో ఉంటుంది, అద్దాలూ రాతి పలకలూ అతికించే ముందు అది చూడండి. తలుపు తెరుచుకునే వైపు గోడ ఉంటే కూరగాయల ట్రే బయటికి రాదు, ఇది చిన్న విషయమే కానీ రోజూ చిరాకు.

ప్లగ్ పాయింట్ ఫ్రిజ్ వెనక వద్దు, పక్క అల్మారాలో పెట్టించండి, షాక్ కొట్టినా వాసనొచ్చినా 60 కిలోల పైచిలుకు మెషీన్ లాగి ప్లగ్ తియ్యలేం కదా. ఎర్తింగ్ ఉండాలి, ఎక్స్‌టెన్షన్ బోర్డు వద్దు. చాలా కొత్త ఫ్రిజ్‌లలో ఉండే గ్యాస్ ఆర్-600ఎ, అంటే ఐసోబ్యూటేన్, మన వంటగ్యాస్‌కి దాయాది, మండుతుంది, కాబట్టి ఫ్రిజ్ బాడీకి మాన్యువల్‌లో చూపించిన బెజ్జాల్లో తప్ప ఎక్కడా స్క్రూ దిగకూడదు, ఆ గాలి సందులు మూయకూడదు. యూనిట్‌ని గోడకి ఎల్ క్లాంపులతో కట్టించండి, ఫ్రిజ్‌ని యూనిట్‌కి బిగించేదాకా తలుపు బార్లా తెరవకండి, ముందుకి ఒరుగుతుంది. పడుకోబెట్టి తెచ్చారంటే నిలబెట్టి, మాన్యువల్ చెప్పినన్ని గంటలు ఆగాకే స్విచ్ వెయ్యండి, కంప్రెసర్ ఆయిల్ కిందికి దిగాలి.

బిగించిన మర్నాడు పై సందు దగ్గర చెయ్యి పెడితే వెచ్చటి గాలి తగలాలి. మధ్య అరలో గ్లాసెడు నీళ్లలో థర్మామీటర్ వేసి రాత్రంతా ఉంచితే 4 డిగ్రీల దగ్గర చూపించాలి, ఫ్రీజర్ మైనస్ 18. ఏటా ఉగాది శుభ్రాలప్పుడు ప్లింత్ జాలీ తీసి దులపండి. మొన్న మాది తీస్తే రెండు వేరుశనగ గుళ్లు, ఒక రబ్బరు, పిడికెడు దుమ్ము, మా పాప పోయిందని ఏడ్చిన క్లిప్పు వచ్చాయి.